విమానంలో కూర్చునే గంటలు

మూలపేట నుంచి ఒక పాఠకుడు ఇలా రాశారు:

"డాక్టరు గారికి నమస్కారాలు. నా వయస్సు 62. మా ఆవిడకు 57. మా అమ్మాయి అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఉంటోంది. జనవరి నెలలో దానికి పురుడు. ఇద్దరమూ రావాలని, టిక్కెట్లు తానే తీస్తానని పట్టుబడుతోంది. మేము విశాఖపట్నం దాటి ఎరగము. నాకు రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.1 ఉంది. కాళ్ళకు వాపు లేదు, మూత్రం బాగానే వస్తోంది. మా ఆవిడ పదేళ్ళుగా చక్కెర వ్యాధికి మాత్రలు, రాత్రిపూట ఇన్సులిన్ వాడుతోంది. అక్కడికి దూరం ఎంత? ఎన్ని గంటలు పడుతుంది? మా ఒంటికి అంత ప్రయాణం పనికి వస్తుందా? 'కిడ్నీ మనిషివి, ఆకాశంలో ఏమైనా అయితే దిక్కెవరు?' అని ఊళ్ళోవాళ్ళు భయపెడుతున్నారు."

ఈ ఉత్తరం ఒక్కరిది కాదు. ఉద్దానంలోనూ, టెక్కలి, పలాస చుట్టుపక్కలా ఇవాళ చాలా ఇళ్ళలో పిల్లలు దూరదేశాల్లో ఉన్నారు. తల్లిదండ్రులు కొబ్బరితోటల మధ్య ఉన్నారు. అందువల్ల జవాబు అందరికీ పనికివచ్చేలా వివరంగా రాస్తున్నాను.

ముందుగా భయం తీరుస్తాను. మీరిద్దరూ వెళ్ళవచ్చు. కాని కొన్ని పరీక్షలు చేయించుకుని, కొన్ని జాగ్రత్తలు తీసుకుని వెళ్ళాలి. అవేమిటో తెలియాలంటే, మీరడిగిన దూరం, కాలం లెక్క ముందు చూడాలి.

దూరం వేరు, కాలం వేరు

విశాఖపట్నం నుంచి ఢిల్లీకి గాలిలో సుమారు 1,350 కిలోమీటర్లు. రెండుంబావు గంటల ప్రయాణం. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు భూగోళం మీద దారం పట్టి కొలిస్తే అతి దగ్గర దారి సుమారు 12,400 కిలోమీటర్లు. ఆగకుండా ఎగిరే విమానానికి 16 గంటలు అటూ ఇటూగా పడుతుంది.

కాని విమానం దారం పట్టినట్లు పోదు. పైన పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలులున్నాయి. 2016 అక్టోబరులో ఎయిరిండియా తన ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి పసిఫిక్ సముద్రం మీదుగా నడిపింది. దారి వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగి 15,300 కిలోమీటర్లు అయింది. అయినా గాలి వెనకనుంచి తోయడంతో పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది. దూరం పెరిగితే కాలం తగ్గింది! దీనికి విరుద్ధంగా 2025 ఏప్రిల్ చివర పాకిస్తాన్ తన ఆకాశమార్గాన్ని మన విమానాలకు మూసివేసినప్పుడు, ఢిల్లీ నుంచి పడమటికి పోయే మన విమానాలు చుట్టుతిరిగి పోవలసి వచ్చింది. కొన్ని మధ్యలో ఇంధనం కోసం దిగాయి. కాబట్టి మీ విమానం ఏ దారిన పోతుందో, ఎక్కడ ఆగుతుందో టిక్కెట్టు తీసేటప్పుడే అమ్మాయిని కనుక్కోమనండి.

ఇంకో చిక్కు గడియారంతో వస్తుంది. టిక్కెట్టు మీద బయలుదేరే వేళ మన టైములో, దిగే వేళ వాళ్ళ టైములో వేస్తారు. చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటె పదమూడున్నర గంటలు వెనక. ఢిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కి 16 గంటలు ప్రయాణం చేస్తే, అక్కడ అదేరోజు ఉదయం ఆరున్నరకు దిగుతారు. టిక్కెట్టు చూసినవాళ్ళు "రెండున్నర గంటలేగా!" అనుకుంటారు. మీ కాళ్ళు మాత్రం 16 గంటలూ లెక్కపెడతాయి.

ఇప్పుడు ఇంటి గుమ్మం నుంచి గుమ్మం దాకా లెక్క వేద్దాం. మూలపేట నుంచి టెక్కలి వచ్చి, హైవే ఎక్కి విశాఖపట్నం విమానాశ్రయానికి కారులో సుమారు మూడున్నర గంటలు. అక్కడ రెండు గంటలు. ఢిల్లీకి రెండుంబావు. ఢిల్లీలో ఐదు గంటలు అనుకోండి. పెద్ద విమానంలో 16. దిగాక కాగితాలు, సామాను ఒకటిన్నర. అమ్మాయి ఇంటికి ఒక గంట. మొత్తం 31 గంటల పైన. ఇందులో మోకాళ్ళు మడిచి, కుర్చీకి అతుక్కుని కూర్చునేది దాదాపు 23 గంటలు. వైద్యుడికి కావలసింది ఈ 23 అనే అంకె. కిలోమీటర్లు పైలటుకు కావాలి.

నేను అడగని ప్రశ్న

కొన్నేళ్ళ క్రితం నేను ఈ ప్రాంతపు ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తున్నప్పుడు యాభై అయిదేళ్ళ ఆమె వచ్చింది. ఎడమకాలు పిక్క దగ్గర వాచింది. నొప్పి. "బోదకాలేమో బాబూ, మా అత్తకి కూడా ఉండీది" అంది. మన శ్రీకాకుళం జిల్లాలో బోదకాలు పాత వ్యాధి. నాకూ అదే తోచింది. ఆ క్రిములు రాత్రిపూటనే నెత్తుటిలోకి వస్తాయి కనుక రాత్రి రక్తపరీక్షకు రాసి, మాత్రలిచ్చి పంపాను.

మూడోనాడు ఆమెను మంచం మీద తెచ్చారు. ఆయాసం. గుండెలో పోటు. పక్కనున్న కొడుకు మాటల్లో అన్నాడు: "అమెరికాలో చెల్లి దగ్గర్నుంచి వచ్చి వారమే అయింది డాక్టరు గారూ, ఇంతలోనే ఇలా అయింది." అప్పుడు నాకు కళ్ళు తెరుచుకున్నాయి. కాలిలో గడ్డకట్టిన నెత్తురు కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఆక్సిజన్ పెట్టి, చేయగల చికిత్స చేసి విశాఖపట్నం పంపాను. అదృష్టం కొద్దీ బతికి బయటపడింది. నేను మొదటిరోజున "ఈమధ్య దూరప్రయాణం చేశావా అమ్మా?" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆమెకు ఆ కష్టం వచ్చేది కాదు. అప్పటినుంచి ఒక కాలు వాచి ఎవరు వచ్చినా ఆ ప్రశ్న అడగకుండా చీటీ రాయను.

ఎందుకు గడ్డకడుతుంది?

గుండె నెత్తుటిని పాదాలదాకా తోస్తుంది. తిరిగి పైకి తోసే పని చాలావరకు పిక్కల కండరాలది. నడిచినప్పుడల్లా అవి సిరలను పిండి నెత్తుటిని పైకి ఎక్కిస్తాయి. గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటే ఆ పని ఆగిపోతుంది. సీటు అంచు మోకాలి వెనక నొక్కుతుంది. నెత్తురు నిలవ ఉండి లోతు సిరల్లో గడ్డకట్టవచ్చు.

ఇది విమానంతో పుట్టిన జబ్బు కాదు. 1940లో లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో జనం రాత్రంతా రక్షణ గుహల్లో కుర్చీల్లో కూర్చుని గడిపేవారు. అలా కూర్చున్నవాళ్ళలో కొందరు లేచాక హఠాత్తుగా చనిపోతున్నారని అక్కడి వైద్యుడు కీత్ సింప్సన్ గుర్తించి రాశాడు. కారణం ఊపిరితిత్తుల్లో చేరిన నెత్తుటి గడ్డలే. బల్లల మీద పడుకునే ఏర్పాట్లు కావాలని అప్పుడే తెలిసింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన పరిశోధన ప్రకారం నాలుగు గంటలు దాటి కదలకుండా చేసే ప్రయాణంలో ఈ ప్రమాదం రెండింతలవుతుంది. అయినా ఆరోగ్యవంతులలో సుమారు ఆరువేల మందిలో ఒకరికి మాత్రమే వస్తుంది. కాబట్టి హడలిపోనక్కరలేదు. కాని ఆ పరిశోధనలోనే ఇంకొక మాట ఉంది. విమానమే కాదు, రైలు, బస్సు, కారు అయినా అంతే. పలాసలో సాయంత్రం బస్సెక్కి తెల్లారి హైదరాబాదులో దిగేవారు, గల్ఫు దేశాలకు పనికోసం పోయే మన కుర్రవాళ్ళు కూడా ఇది గుర్తుంచుకోవాలి.

లోగడ కాలిలో గడ్డ వచ్చినవారు, ఈమధ్య పెద్ద ఆపరేషను అయినవారు, కాలికి కట్టు ఉన్నవారు, కాన్సరు ఉన్నవారు, గర్భిణులు, బాలింతలు, గర్భనిరోధక మాత్రలు వాడేవారు, బాగా లావుగా ఉన్నవారు, మూత్రంలో ప్రొటీను ఎక్కువగా పోయేవారు ప్రయాణానికి ముందు డాక్టరును తప్పక కలవాలి.

విమానంలో ఏం చేయాలి?

నడవ పక్కన సీటు అడగండి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు ఒకసారి లేచి, సీట్ల మధ్య అటూ ఇటూ నడవండి. లేవలేనప్పుడు కూర్చునే మడమ నేలకానించి పాదం పైకెత్తండి, తరువాత వేళ్ళు ఆనించి మడమ ఎత్తండి. ఇలా ఇరవైసార్లు. కాళ్ళ దగ్గర సంచి పెట్టి చోటు మూసేయకండి. కాలు మీద కాలు వేసుకోకండి. నిద్రమాత్ర వేసుకుని ఎనిమిది గంటలు ఒకే భంగిమలో పడి ఉండటం, సారా పుచ్చుకోవడం రెండూ పనికిరావు. మోకాలిదాకా వచ్చే గట్టి మేజోళ్ళు దొరుకుతాయి. మీ వయస్సువారికి మంచివే. కాని చక్కెర వ్యాధి ఉన్నవారు పాదాల స్పర్శ, నాడి చూపించుకోకుండా వాటిని తొడగరాదు. "నెత్తురు పలచబడుతుంది" అని ఆస్పిరిన్ సొంతంగా వేసుకోవద్దు.

కిడ్నీ ఉన్నవారికి

ఉద్దానంలో కిడ్నీజబ్బు సంగతి నేను చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. ప్రయాణానికి నెలరోజుల ముందు మీరు చూపించుకునే కిడ్నీ డాక్టరు దగ్గర క్రియాటినిన్, పొటాషియం, హిమోగ్లోబిన్, రక్తపోటు మళ్ళీ చూపించుకోండి. హిమోగ్లోబిన్ ఎందుకంటారా? ఆకాశంలో విమానం లోపలి గాలి ఆరువేల నుంచి ఎనిమిదివేల అడుగుల కొండమీద గాలిలా పలచగా ఉంటుంది. అంటే పదహారు గంటలు ఊటీ కొండమీద ఉన్నట్లే. కిడ్నీ మందగించినవారికి నెత్తురు తక్కువగా ఉంటుంది. మరీ తక్కువైతే పలచని గాలిలో ఆయాసం వస్తుంది. దానిని ముందే సరిదిద్దుకోవచ్చు.

మీరు తప్పక గుర్తుంచుకోవలసినవి నాలుగు.

మొదటిది, నొప్పి మాత్రలు. అన్ని గంటలు కూర్చుంటే నడుము పట్టేస్తుంది. పక్కసీటాయన దయతలచి డైక్లోఫెనాక్ గానీ, ఐబుప్రొఫెన్ గానీ ఇస్తాడు. ఒంట్లో నీరు తగ్గిన వేళ అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. నమస్కారం పెట్టి వద్దనండి. అవసరమైతే మీ డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చాలు.

రెండోది, నీళ్ళు. విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది. మీకు వాపు లేదు, మూత్రం బాగా వస్తోందన్నారు కనుక దాహానికి తగ్గట్టు కొద్దికొద్దిగా తాగుతుండండి. మాటిమాటికీ లేవాలని తాగడం మానేయకండి. లేవడం మీకు మంచిదే! కాని డాక్టరు "రోజుకు ఇన్ని నీళ్ళే" అని కొలత పెట్టినవారు, "విమానంలో బాగా నీళ్ళు తాగాలి" అని ఎవరు చెప్పినా వినకుండా ఆ కొలత దాటరాదు.

మూడోది, ఉప్పు. అమ్మాయి కోసం ఆవకాయ, ఉప్పుచేపలు మూటకట్టడం మన మర్యాద. వాటిని మీరు దారిలో తినకండి. విమానంలో ఇచ్చే భోజనంలోనూ ఉప్పు ఎక్కువే. టిక్కెట్టుతోపాటే ఉప్పు తక్కువ భోజనం, చక్కెరవారి భోజనం చెప్పుకోవచ్చు.

నాలుగోది, కొబ్బరినీళ్ళు. మన తోటల కొబ్బరిబొండం అమృతమే. కాని అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీ మందగించినవారు ప్రయాణానికి ముందు చలవ అని రెండు మూడు బొండాలు తాగడం గుండెకు ముప్పు.

డయాలిసిస్ చేయించుకుంటున్నవారి సంగతి వేరు. 31 గంటల ప్రయాణమంటే ఒక వాయిదా తప్పిపోయే అవకాశముంది. బయలుదేరే ముందురోజు ఒకసారి చేయించుకుని, దిగిన మరునాటికి అక్కడ చోటు ఖాయమైతేనే బయలుదేరాలి. ఇక్కడ ప్రభుత్వం ఉచితంగా చేయించేది అక్కడ చాలా డబ్బుతో పని. ఆ డబ్బు, ఆ చోటు రెండూ లేకపోతే ప్రయాణం మానుకోమనే నా సలహా. అమ్మాయిని, అల్లుణ్ణి ఇక్కడికి రమ్మనడంలో తప్పులేదు.

చక్కెర వ్యాధి ఉన్నవారికి

మీ ఆవిడకు ఆ రోజు 24 గంటలది కాదు, దాదాపు 37 గంటలది. పడమటికి పోతే రోజు పెరుగుతుంది, తిరిగి వచ్చేటప్పుడు తగ్గుతుంది. అందుకని "రాత్రి అయింది కదా" అని కిటికీలో చీకటి చూసి ఇన్సులిన్ పొడిస్తే రెండు మోతాదులు దగ్గర దగ్గరగా పడిపోవచ్చు. ఆమె చేతిగడియారాన్ని ఇల్లు చేరేదాకా మన టైములోనే ఉంచండి. ఏ గంటకు ఏ మందు, ఎంత అన్నది డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. చేరాక అక్కడి టైముకు ఎలా మారాలో కూడా అందులోనే రాయించండి. భోజనం ఎదుటికి వచ్చేదాకా చక్కెర తగ్గించే మాత్ర వేసుకోరాదు.

ఇన్సులిన్, మాత్రలు, సూదులు, పరీక్ష మిషను చేతిసంచిలోనే ఉండాలి. కింద పెట్టెలో పెడితే ఇన్సులిన్ గడ్డకట్టి పాడైపోవచ్చు. పెట్టె వేరే ఊరికి పోవచ్చు కూడా. ఇంగ్లీషులో రాసిన డాక్టరు ఉత్తరం, మందుల చీటీ వెంట ఉండాలి. మీ మందులు కూడా ఇలాగే పెట్టుకోండి. చెమటలు పట్టి, వణుకు, తికమక వస్తే చక్కెర పడిపోతోందన్నమాట. మూడు చెంచాల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి, తరువాత రెండు బిస్కట్లు పెట్టండి. పిలుపు మీట నొక్కడానికి మొహమాటపడకండి. ఆ అమ్మాయిలు అందుకే ఉన్నారు.

దిగిన తరువాత

రెండు పాదాలూ సమంగా కాస్త ఉబ్బి, ఒకటి రెండు రోజుల్లో తగ్గితే భయం లేదు. తగ్గకపోతే మీ విషయంలో కిడ్నీ పరీక్ష చేయించాలి.

ఒకే కాలు వాచి, పిక్క గట్టిపడి, నొప్పి, వేడి ఉంటే ఆ రోజే డాక్టరును చూడాలి. బోదకాలు నెలలు, ఏళ్ళమీద పెరుగుతుంది. తరచు చలిజ్వరం, గజ్జలో బిళ్ళ కట్టడంతో మొదలవుతుంది. నెత్తుటి గడ్డ గంటల్లో, రోజుల్లో వస్తుంది. అనుమానముంటే మోకాలి కింద రెండు పిక్కలకూ ఒకే చోట టేపు పెట్టి కొలవండి. రెంటికీ మూడు సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే ఆలస్యం చేయవద్దు. తేడా అంతకంటె తక్కువైనా నొప్పి ఉంటే చూపించుకోవలసిందే. అటువంటి కాలిని పిసకడం, నూనె రాసి మర్దనా చేయడం ప్రమాదం. గడ్డ కదలవచ్చు. హఠాత్తుగా ఆయాసం, గుండెపోటు, దగ్గులో నెత్తురు కనబడితే వెంటనే, ఇక్కడ ఉంటే 108కి, అక్కడ ఉంటే అక్కడి అత్యవసర నంబరుకు ఫోను చేయండి. ఈ ముప్పు దిగిన రోజుతో పోదు. నాలుగు వారాలదాకా ఉంటుంది. కనుక ఆ నెలలో ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా, ఆయన అడగకపోయినా, "నేను ఇన్ని గంటలు ప్రయాణం చేసి వచ్చాను" అని మీరే చెప్పండి.

మూలపేట పాఠకుడికి ఇంకొక్క మాట. ఒక్క దమ్మున పోనక్కరలేదు. ముందురోజే విశాఖపట్నం చేరి రాత్రి పడుకోండి. వీలైతే ఢిల్లీలోనూ ఒక రాత్రి ఆగండి. 23 గంటల కూర్చోవడాన్ని ముక్కలు చేస్తే ముప్పూ తగ్గుతుంది. పురుడుకు మూడు నాలుగు వారాలు ముందుగానే చేరుకోండి, మీకు విశ్రాంతి దొరుకుతుంది. ఈ నెలలోనే పరీక్షలు చేయించుకోండి. క్రియాటినిన్ నిలకడగా ఉండి, రక్తపోటు అదుపులో ఉంటే టిక్కెట్లు తీయమని అమ్మాయికి చెప్పండి. మనవడో మనవరాలో పుట్టాక ఇంకో ఉత్తరం రాయండి.